ముందు కాటా, తర్వాతే మందు

ఇంటర్ బైపీసీ అయినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు తరచూ అడిగే మాట ఒకటుంది: పిల్లల నర్సింగ్‌లో నేరుగా డిగ్రీ చేయొచ్చా అని. బ్రిటన్‌లో చేయొచ్చు. అక్కడ డిగ్రీలో చేరేటప్పుడే పెద్దల నర్సింగా, పిల్లలదా, మానసిక ఆరోగ్యమా అన్నది తేల్చుకుంటారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో అందరూ అన్నీ చదవాల్సిందే. పిల్లల సంగతి మూడో ఏడాదిలో వస్తుంది. ఐదో సెమిస్టర్‌లో చైల్డ్ హెల్త్ నర్సింగ్ మొదటి భాగం, ఆరో సెమిస్టర్‌లో రెండో భాగం. పిల్లల వార్డులోనే స్థిరపడాలనుకుంటే డిగ్రీ అయ్యాక దారులున్నాయి, వాటి గురించి చివర్లో.

చేరడానికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ పాసై, సైన్సు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 40. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం ఉన్నాయో లేదో అందరూ చూసుకుంటారు. ఎక్కువమంది అడగని ప్రశ్న వేరే ఉంది: "పిల్లల పోస్టింగ్ ఎక్కడ వేస్తారు?" అంటే పిల్లల వార్డు శిక్షణకి ఏ ఆసుపత్రికి పంపుతారని. శ్రీకాకుళం, విజయనగరం సర్వజన ఆసుపత్రుల్లాంటి చోట, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో అయితే పిల్లల వార్డు, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం రెండూ చూడొచ్చు. ఈ విభాగాన్నే అందరూ ఎస్‌ఎన్‌సీయూ అంటారు. పది మంచాల ప్రైవేటు నర్సింగ్ హోముకి పంపే కాలేజీలో ఫీజు ఎంత తగ్గించినా అది లాభం కాదు.

ఎందుకంటే గంటలు అసలే తక్కువ. మొదటి భాగానికి పాఠం 60 గంటలు, స్కిల్ ల్యాబ్ 40, వార్డు 160. రెండో భాగానికి పాఠం 40, వార్డు 80. అంటే నాలుగేళ్ల చదువులో పిల్లల మంచాల దగ్గర ఈ సబ్జెక్టు పేరు మీద నిలబడేది 240 గంటలే. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ ఏడవదు, కాళ్లు తన్నదు, మీద కక్కదు. అక్కడ చక్కగా వచ్చిన పని వార్డులో రాకపోతే బెంగపడక్కర్లేదు. అందరికీ అంతే.

ఇక అసలు విషయం. పెద్దల వార్డులో "టాబ్లెట్ ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం" అంటే సరిపోతుంది. పిల్లల వార్డులో మందు, సెలైన్, పాలు, ఆఖరికి గొట్టం సైజు కూడా చాలావరకు బరువు మీదే నడుస్తాయి. కేస్ షీటు మీద బరువు తప్పు పడిందంటే దాని కింద రాసే ప్రతి లెక్కా తప్పే. కాబట్టి మొదటి రోజు నేర్చుకోవాల్సింది ఇంజెక్షన్ కాదు, తూకం.

తూకానికీ ఒక పద్ధతి ఉంది. కాటా కదలని, సమతలంగా ఉన్న చోట ఉండాలి. మీద గుడ్డ పరిచి, ఆ గుడ్డతోనే సున్నా చేయాలి. బిడ్డని బట్టలు లేకుండా పడుకోబెట్టాలి. రోజూ ఒకే వేళకి, పాలు పట్టకముందు తూచాలి. కాన్యులాకి (నరంలో పెట్టే సన్నని గొట్టానికి) అట్ట కట్టి ఉంటే ఆ అట్ట బరువు తీసేయాలి. 200 గ్రాముల టవల్‌తో కలిపి తూచేసి తీయడం మర్చిపోతే 2 కిలోల బిడ్డ కాగితం మీద 2.2 కిలోలు అవుతుంది. అంటే మందు పది శాతం ఎక్కువ. ఇంకో నష్టం కూడా ఉంది. పుట్టిన బిడ్డ మొదటి వారంలో కొంత తగ్గడం మామూలే, నెలలు నిండిన బిడ్డ పది రోజులకల్లా పుట్టిన బరువుకి వచ్చేస్తుంది. పది శాతం దాటి తగ్గితే పాలు అందడం లేదేమోనని చూడాలి. తూకమే తప్పయితే ఆ తగ్గుదల మన కంటికే పడదు.

బాగా అత్యవసరమై తూచే వీలు లేకపోతే వయసుని బట్టి బరువుని కిలోల్లో అంచనా వేసే లెక్కలున్నాయి. 3 నుంచి 12 నెలల దాకా, నెలలకి 9 కలిపి రెండుతో భాగించడం. ఏడాది నుంచి 6 ఏళ్ల దాకా, ఏళ్లని రెండుతో గుణించి 8 కలపడం. వైవాలో (నోటి పరీక్షలో) ఇవి తప్పకుండా అడుగుతారు. వార్డులో మాత్రం అంచనా బరువు రాస్తే పక్కన "అంచనా" అని రాయాలి. మన వైపు ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చే బక్కచిక్కిన పిల్లల విషయంలో ఈ సూత్రాలు రెండు మూడు కిలోలు ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది.

బరువు చేతికొచ్చాక లెక్క. కావలసిన మిల్లీగ్రాముల్ని, సీసాలో ఉన్న మిల్లీగ్రాములతో భాగించి, ఆ మిల్లీగ్రాములు ఎన్ని మిల్లీలీటర్లలో ఉన్నాయో దానితో గుణించాలి. సూత్రం అందరికీ వచ్చు. తప్పు జరిగేది "సీసాలో ఉన్నది" దగ్గర. పారాసెటమాల్‌నే తీసుకోండి. మోతాదు కిలోకి 15 మిల్లీగ్రాములు, 8 కిలోల బిడ్డకి 120. సిరప్ 5 మి.లీ.లో 120 ఉన్నదైతే 5 మి.లీ. పట్టాలి. 5 మి.లీ.లో 250 ఉన్నదైతే 2.4 మి.లీ. చుక్కల మందు ఒక్క మి.లీ.లోనే 100 ఉన్నదైతే 1.2 మి.లీ. చాలు. మూడూ పారాసెటమాలే, ఇంట్లో ఒకే అరలో ఉంటాయి. "ఐదు ఎమ్మెల్ పట్టమ్మా" అని నోటితో చెప్పి పంపిస్తే, ఆ తల్లి ఇంటికెళ్లి చుక్కల మందు 5 మి.లీ. పట్టిందంటే 500 మిల్లీగ్రాములు ఒక్కసారే లోపలికి పోయినట్టు. ఆ బిడ్డకి రోజు మొత్తానికి దాటకూడనిది కిలోకి 60 చొప్పున 480. అందుకే డిశ్చార్జి వేళ సీసా చూపించి, సిరంజి మీద గీత పెట్టి, తల్లి చేత ఒకసారి లాగించి చూడాలి.

ఎస్‌ఎన్‌సీయూలో ఇదే తప్పు అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌తో జరుగుతుంది. ఈ మందు 2 మి.లీ. వయల్స్‌లో (చిన్న ఇంజెక్షన్ సీసాల్లో) 100, 250, 500 మిల్లీగ్రాములుగా దొరుకుతుంది. డాక్టరు 36 మిల్లీగ్రాములు రాశారు. 100 వయల్ అయితే 0.72 మి.లీ. లాగాలి. ఆ నంబరు చేతికి అలవాటైపోయాక, ఒక రాత్రి స్టాకులో 500 వయల్స్ మాత్రమే ఉంటే, అదే 0.72 లాగితే 180 మిల్లీగ్రాములు వెళ్తాయి. అయిదింతలు. చెవులకీ కిడ్నీలకీ దెబ్బ తగిలే మందు ఇది. మి.లీ.లు గుర్తుపెట్టుకోవద్దు, మిల్లీగ్రాములే గుర్తుపెట్టుకోండి. లెక్క ప్రతిసారీ వయల్ చేతిలో పట్టుకుని కొత్తగా చేయాలి, రెండో మనిషి విడిగా చేసి సరిచూడాలి. ఒకరు చేసిన లెక్కకి ఇంకొకరు తలూపడాన్ని సరిచూడడం అనరు. ఇలాంటి చిన్న కొలతలకి 1 మి.లీ. సిరంజి వాడాలి. ఇన్సులిన్ సిరంజి మీద ఉండే గీతలు యూనిట్లవి, దానితో ఈ పని చేయకూడదు. రాసేటప్పుడు చుక్కకి ముందు సున్నా ఉండాలి, చుక్క తర్వాత ఉత్త సున్నా ఉండకూడదు: 0.5 సరే, 5.0 వద్దు. చుక్క కనిపించకపోతే అది 50.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌లా కనిపిస్తుంది. దాన్ని నేరుగా నరంలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. రెండూ ఒకే ట్రేలో కనిపిస్తే ముందు వేరు చేసి, తర్వాత మిగతా పని చూడండి.

సెలైన్ లెక్క కొంచెం నిదానంగా చూద్దాం. రోజుకి మొదటి 10 కిలోలకి కిలోకి 100 మి.లీ., తర్వాతి 10 కిలోలకి కిలోకి 50, ఆపైన కిలోకి 20. 13 కిలోల పిల్లాడికి 1000, దానికి 150 కలిపి 1150. దాన్ని 24తో భాగిస్తే గంటకి 48 మి.లీ. మైక్రో డ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మి.లీ. కాబట్టి గంటకి ఎన్ని మి.లీ.లో నిమిషానికి అన్నే చుక్కలు, అంటే 48. మామూలు సెట్‌లో ఒక మి.లీ.కి ఎన్ని చుక్కలో ప్యాకెట్ మీద ఉంటుంది, చూసి లెక్క కట్టాలి. పిల్లలకి బ్యూరెట్ సెట్ (సీసాకీ గొట్టానికీ మధ్య గీతలున్న చిన్న గది ఉండే సెట్) పెట్టేది ఎందుకంటే, చుక్కల వేగం సరిచేసే రోలరు జారినా అందులో పోసినంతే వెళ్తుంది. రెండు గంటలకి సరిపడా, సుమారు 100 మి.లీ. పోసి, పైన సీసా వైపు క్లాంపు మూసేయాలి. ఆ క్లాంపు తెరిచి ఉంచితే బ్యూరెట్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. రాత్రి డ్యూటీలో చాలా చోట్ల జరిగే తప్పు సరిగ్గా ఇదే.

ఈ సూత్రం పురిటి బిడ్డకి వర్తించదు. ఒకటిన్నర కిలో, అంతకు పైన ఉన్న బిడ్డకి మొదటి రోజు కిలోకి 60 మి.లీ. చాలు, అంతకన్నా చిన్న బిడ్డకి 80. తర్వాత రోజూ కొంచెం కొంచెంగా పెంచుతూ 150 దాకా తీసుకెళ్తారు. 2 కిలోల బిడ్డకి మొదటి రోజు 120 మి.లీ., రెండు గంటలకోసారి అంటే పూటకి 10 మి.లీ. పెద్ద పిల్లల లెక్క వేస్తే 200 అవుతుంది. పరీక్షలో మార్కు పోతుంది, వార్డులో బిడ్డకి నీరు పడుతుంది.

మన ప్రాంతానికి తగిన లెక్క ఇంకోటి: ఎర్రతేలు. పొలం గట్ల మీదా కట్టెల మోపుల్లోనూ పిల్లలు కుట్టించుకుని వస్తారు. చెమటలు, చల్లబడ్డ చేతులు కాళ్లు, వాంతులు ఉంటే విషం ఒంటికి ఎక్కిందని అర్థం. ప్రాజోసిన్ కిలోకి 30 మైక్రోగ్రాములు రాస్తారు. 10 కిలోల బిడ్డకి 300 మైక్రోగ్రాములు, అంటే 0.3 మిల్లీగ్రాములు. మామూలు 1 మిల్లీగ్రాము బిళ్లని 10 మి.లీ. నీళ్లలో కలిపి 3 మి.లీ. ఇవ్వాలి. నెమ్మదిగా విడుదలయ్యే రకం బిళ్లని నూరకూడదు, స్ట్రిప్ మీద పేరు పూర్తిగా చదవాలి. ఇచ్చాక బిడ్డని పడుకోబెట్టే ఉంచాలి. ఎత్తుకుని నిలబెడితే బీపీ పడిపోతుంది. ఏడుస్తున్నాడని అమ్మమ్మ భుజాన వేసుకుని వరండాలో తిప్పుతుంది, ఆ మాట ఆమెకి ముందే చెప్పాలి.

లెక్కల తర్వాత చూపు. ఊపిరి లెక్క పూర్తిగా ఒక నిమిషం, బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు, పొట్ట కదలిక చూస్తూ లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే పురిటి బిడ్డ విషయంలో పూర్తిగా తప్పు వస్తుంది, ఆ వయసులో ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది. రెండు నెలల లోపు 60, అక్కడి నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, ఈ అంకె గానీ అంతకు మించి గానీ ఉంటే వేగంగా ఉన్నట్టు. రెండు నెలల లోపు బిడ్డకి 60 వచ్చినా, దాటినా మళ్లీ ఒకసారి లెక్కపెట్టాలి. థర్మామీటరు పెట్టకముందే ఊపిరి చూసేయండి, ముట్టుకున్నాక ఏడుపే. "డొక్కలెగరేత్తన్నాడమ్మా" అని తల్లి అంటే పుస్తకంలో ఛాతీ లోపలికి లాక్కోవడం అని చదివింది అదే. ఆ మాట విన్న వెంటనే చొక్కా ఎత్తి చూడాలి. బీపీ కఫ్ వెడల్పు చేతి చుట్టుకొలతలో సుమారు 40 శాతం ఉండాలి. చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది.

పాలు పట్టే ముక్కు గొట్టం వేసేటప్పుడు కొలత ముక్కు నుంచి చెవి తమ్మెకి, అక్కడి నుంచి రొమ్ము ఎముక కొనకీ బొడ్డుకీ మధ్యకి. సిరంజితో గాలి కొట్టి స్టెత్‌తో వినే పద్ధతి ప్రొసీజర్ పుస్తకాల్లో ఇంకా ఉంది కానీ దాన్ని నమ్మలేం, గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినిపించొచ్చు. కొంచెం వెనక్కి లాగి, వచ్చిన ద్రవాన్ని పీహెచ్ కాగితంతో చూడడం మెరుగు, 5.5 లేదా అంతకు తక్కువ ఉండాలి. పాలు సిరంజి పైకెత్తి వాటంతట అవే దిగేలా వదలాలి, పిస్టన్‌తో నెట్టకూడదు. నెడితే పొట్ట ఒక్కసారి ఉబ్బి పాలు వెనక్కి తన్నుకొస్తాయి.

వార్మరు (బిడ్డని వెచ్చగా ఉంచే మిషన్) కింద ఉన్న బిడ్డకి ప్రోబ్ (ఒంటి వేడి చూసే తీగ) పొట్ట కుడి పక్కన, పక్కటెముకల కింద అంటిస్తారు. అది ఊడిపోయిందనుకోండి, గది గాలిని చూసి "బిడ్డ చల్లబడింది" అనుకుని మిషన్ వేడి పెంచుతూ పోతుంది. మిషన్ మీద 36.5 కనిపిస్తున్నా బిడ్డ మాత్రం కాలిపోతుంటుంది. కాబట్టి చంకలో థర్మామీటరు పెట్టి విడిగా చూడడం మానకూడదు. ఆక్సిజన్ కూడా అంతే, ఎక్కువ ఇస్తే మేలు అనుకోకూడదు. నెలలు నిండని బిడ్డకి ఆక్సిజన్ పెట్టినప్పుడు సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 నుంచి 95 మధ్య ఉంచాలి. 100 చూసి మురిసిపోతే కంటి రెటీనా పాడయ్యే ప్రమాదం ఉంది.

పుట్టగానే ఏడవక, ఊపిరి సరిగా తీయని బిడ్డకి ఊపిరి అందించే బ్యాగు, మాస్కు పట్టాల్సింది మొదటి నిమిషంలోపే. నిమిషానికి 40 నుంచి 60 సార్లు. కంగారులో చేయి పరుగెడుతుంది, "నొక్కు, రెండు, మూడు" అని పైకి అంటూ చేస్తే అదుపులో ఉంటుంది. ఛాతీ లేవకపోతే గట్టిగా నొక్కడం కాదు, ముందు మాస్కు అంచు, తర్వాత మెడ వాటం చూడాలి. మెడ మరీ వెనక్కి వంచినా దారి మూసుకుపోతుంది.

టీకాల పోస్టింగ్‌లో గుర్తుంచుకోవాల్సింది: బీసీజీ (క్షయ టీకా) నెలలోపు బిడ్డకి 0.05 మి.లీ., ఆపైన 0.1. వాటితో వచ్చే ద్రవం కలిపిన బీసీజీ, ఎంఆర్ (తట్టు, రూబెల్లా టీకా) వయల్స్ నాలుగు గంటలు దాటితే పారేయాల్సిందే. వయల్ మీద కలిపిన టైము రాయకపోతే అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

ఇక మాట. పాఠం ఇంగ్లిష్‌లో, తల్లి మాట శ్రీకాకుళం యాసలో. "గుంటడికి ఏటైనాదమ్మా?" అని అడిగితే వచ్చే జవాబు "చీఫ్ కంప్లైంట్స్ చెప్పండి" అంటే రాదు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లలో ఒడియా మాట్లాడేవాళ్లుంటారు, సీతంపేట, మెళియాపుట్టి కొండల నుంచి సవరలు వస్తారు. పక్క మంచం వాళ్ల సాయం తీసుకోవడంలో తప్పు లేదు, అయితే మందు ఎలా పట్టాలో మాటతో కాకుండా చేసి చూపించాలి. "ఇంటి దగ్గర ఏం పట్టారు?" అన్న ప్రశ్నని తిట్టులా అడిగితే ఎవరూ చెప్పరు. ఆముదం, వాము నీళ్లు, గ్రైప్ వాటర్, మంత్రసాని పసరు, ఇవన్నీ బయటికి రావాలంటే "మా ఇళ్లలోనూ పడతారులే అమ్మా" అన్న ధోరణి ఉండాలి. విరేచనాల బిడ్డ విషయంలో ఓఆర్‌ఎస్ ఎలా కలిపారో అడగండి. లీటరు నీళ్లకి వేయాల్సిన ప్యాకెట్‌ని గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువైపోయి బిడ్డకి జబ్బు ఇంకా ముదురుతుంది. ఇంట్లో లీటరు సీసా ఏదైనా ఉందా అని అడిగి దానితోనే కొలత చెప్పాలి. జింకు 14 రోజులు, ఆరు నెలల లోపు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. మోషన్లు ఆగగానే ఆపేస్తారు, ఆపొద్దని చెప్పాలి.

కేర్ ప్లాన్ (ఒక్కో బిడ్డకి చేయాల్సిన సేవల పట్టిక) రాయడంలో సీనియర్ల పుస్తకం చూసి ఎక్కించడం పాత అలవాటు. దొరికిపోయేది ఎక్కడంటే, న్యుమోనియా బిడ్డకి రాసిన ప్లాన్‌లో వయసు 9 నెలలు ఉంటుంది, కింద "దగ్గమని బిడ్డకి నేర్పించాను" అని ఉంటుంది. ఎదుగుదల అంచనా రాసేటప్పుడు కూడా పుస్తకంలో ఉన్నది కుడి పక్క గడిలో, బిడ్డ చేసింది ఎడమ పక్క గడిలో అచ్చంగా ఒకేలా ఉంటే ఎగ్జామినరు నమ్మరు. మూడు నెలలకి మెడ నిలపడం, ఎనిమిది నెలలకి ఆసరా లేకుండా కూర్చోవడం, రెండేళ్లకి రెండేసి మాటలు కలపడం, ఇవి నోటికొస్తే చాలు. మిగతాది గిలక ఒకటి చేతికిచ్చి చూడండి, బిడ్డే చూపిస్తుంది.

యూనివర్సిటీ పరీక్ష రెండు భాగాలకీ కలిపి ఆరో సెమిస్టర్‌లో వస్తుంది: 75 మార్కులు, ఇంటర్నల్ 25. థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా 50 శాతం రావాలి. హాజరు 80 శాతం ఉంటే పరీక్ష రాయనిస్తారు. వార్డు గంటలు మాత్రం డిగ్రీ చేతికొచ్చేలోపు నూటికి నూరు పూర్తి చేయాలి. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు ఆగిపోయినవాళ్లు ఆఖరి ఏడాదిలో ఆ గంటలు తీర్చుకుంటూ కనిపిస్తారు.

డిగ్రీ తర్వాత చైల్డ్ హెల్త్‌లో ఎమ్మెస్సీ రెండేళ్లు. దానికి బీఎస్సీలో 55 శాతం, రిజిస్ట్రేషన్, ఒక ఏడాది పని అనుభవం కావాలి. పసిబిడ్డల పనే ఇష్టమైతే నియోనేటల్ నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా ఉంది. ఎమ్మెస్సీ ఎక్కువగా బోధన వైపు తీసుకెళ్తుంది, డిప్లొమా మంచం దగ్గరే ఉంచుతుంది. ఏది కావాలో ఆ ఏడాది అనుభవంలో ఎలాగూ తెలిసిపోతుంది, అందుకే ఆ ఏడాది పిల్లల వార్డు ఉన్న చోటే చేయడం మంచిది.

పోస్టింగ్‌కి వెళ్లేటప్పుడు జేబులో ఉండాల్సినవి: సాగని టేపు, చిన్న నోటుపుస్తకం, చిన్న కాలిక్యులేటరు, సెకన్ల ముల్లున్న వాచీ. వాచీ మణికట్టుకి వద్దు, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి కాబట్టి జేబుకి పిన్నుతో తగిలించే రకం కొనుక్కోండి. ఫోనులో కాలిక్యులేటరు ఉంది కదా అంటారు. ఎస్‌ఎన్‌సీయూ గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఫోనూ బయట పెట్టిస్తారు.